గ్రూప్-2 ఆన్‌లైన్ కోర్సుకి డబ్బులు కట్టాలా, వద్దా?

మార్కాపురం, గిద్దలూరు వైపు నుంచి నన్ను ఎక్కువమంది అడిగేది ఇదే: "అన్నా, ఇంట్లో ఉండి చదవడానికి కోర్సు కొనమంటావా?" మిర్చి అమ్మిన డబ్బులు నాన్నని అడగాలి కదా, ముందు లెక్క చూద్దాం.

ఒకటి, సిలబస్. ఏపీపీఎస్సీ వెబ్‌సైట్‌లో ఫ్రీగానే ఉంటుంది. 2023 నోటిఫికేషన్‌లో ప్రిలిమ్స్ 150 మార్కులు: చరిత్ర, జాగ్రఫీ, భారతీయ సమాజం, కరెంట్ అఫైర్స్, మెంటల్ ఎబిలిటీ, ఒక్కోదానికి 30. కోర్సు వీడియోల లిస్టు పక్కన పెట్టుకుని టిక్ కొట్టండి.

రెండు, ఫ్రీగా దొరికేదానికి డబ్బులెందుకు? ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఫోన్‌లోనే ఫ్రీగా చదవొచ్చు. మనం కట్టేది టెస్టులకి, డౌట్లు తీర్చడానికి. అవి లేకపోతే కట్టొద్దు.

మూడు, వ్యాలిడిటీ. ఆ నోటిఫికేషన్ 2023 డిసెంబర్‌లో వచ్చింది, ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరిలో, మెయిన్స్ 2025 ఫిబ్రవరిలో జరిగాయి. ఆరు నెలల కోర్సు అయితే మెయిన్స్‌కి ముందే అయిపోతుంది!

నాలుగు, ఈఎంఐ. చాలాసార్లు అది అప్పే. మీరు చదవడం ఆపేసినా కిస్తీ ఆగదు. ఆటో డెబిట్ గురించి కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబర్‌లోనే హెచ్చరించింది. రీఫండ్ రూల్ రాతలో తీసుకోండి. మోసం జరిగితే 1915కి ఫోన్ చేయండి.

నా మాట ఒక్కటే: ముందు నెల రోజులు ఫ్రీగా చదవండి. రోజూ కూర్చోగలిగితే, అప్పుడు కట్టండి. కూర్చోలేకపోతే ఏ కోర్సూ కూర్చోబెట్టదు.