కంట్లో శుక్లం: ముదిరే దాకా ఆగొద్దు

చోడవరం పరిసర లబ్ధిదారులకు:

చూపు మంచు పట్టినట్టు మసకబారిందా? రాత్రి బండ్ల లైట్లు చెదిరి కనిపిస్తున్నాయా? అది శుక్లం కావచ్చు. మనం పొర అంటాం గానీ, నిజానికి కంటి లోపలి లెన్సే తెల్లబడుతుంది. చుక్కల మందుకి, పసర్లకి ఇది కరగదు. ఆపరేషనే దారి.

"ముదిరాక చేయించుకుందాంలే" అనుకోవద్దు. బాగా ముదిరితే కంట్లో ఒత్తిడి పెరిగి చూపు శాశ్వతంగా పోవచ్చు. రోజువారీ పనికి ఇబ్బందైతే చాలు, చూపించుకోండి.

ఆపరేషన్ రకాలు
• చిన్న కోత: సాధారణంగా కుట్లుండవు. ముదిరిన శుక్లానికీ పనికొస్తుంది.
• ఫేకో: కోత ఇంకా చిన్నది. అల్ట్రాసౌండ్‌తో శుక్లాన్ని ముక్కలు చేసి తీస్తారు. త్వరగా మానుతుంది.
రెండింటిలోనూ కొత్త లెన్సు పెడతారు. చదవడానికి అద్దాలు అవసరం కావచ్చు.

ఎక్కడికి వెళ్లాలి?
ముందు దగ్గరి ప్రభుత్వాసుపత్రికి వెళ్లండి. అక్కణ్నుంచి విశాఖలోని ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రికి పంపవచ్చు. 1976లో మొదలైన జాతీయ అంధత్వ నివారణ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో ఆపరేషన్ ఉచితం. ఆధార్, రేషన్ కార్డు, మందుల చీటీలు తీసుకెళ్లండి. షుగర్, బీపీ ఉంటే ముందే చెప్పండి.

ఆపరేషన్ తర్వాత
కన్ను నలపొద్దు, నీళ్లు పడనివ్వొద్దు. చుక్కలు చెప్పినన్నాళ్లూ వేసుకోండి. నొప్పి, ఎరుపు పెరిగినా, చూపు తగ్గినా మర్నాటి దాకా ఆగకండి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.