ఆస్పత్రి లెక్కలు అడిగే ఊరి రేడియో

అమెరికాలోని పలు చిన్న పట్టణాల్లో అందరికన్నా ఎక్కువ మందికి ఉద్యోగాలిచ్చేది ఆస్పత్రే. అలాంటి సంస్థ గురించి ప్రశ్నలు వేయాల్సిన స్థానిక పత్రికలు గత రెండు దశాబ్దాల్లో వరసగా మూతబడ్డాయి. ఆ పని కొంతవరకు ప్రజా రేడియో మీద పడింది. 1970లో ఏర్పడిన నేషనల్ పబ్లిక్ రేడియో (ఎన్‌పీఆర్) కార్యక్రమాలు దేశమంతటా వెయ్యికి పైగా స్థానిక కేంద్రాల నుంచి వినిపిస్తాయి. వాటిలో పలుచోట్ల ఆరోగ్య రంగానికే ఒక విలేకరి ఉంటారు.

ఈ విలేకరికి మొదట అడ్డొచ్చేది గోప్యత. రోగి వివరాలను అనుమతి లేకుండా ఆస్పత్రి బయటపెట్టకూడదని 1996 నాటి హిపా చట్టం చెబుతోంది. అది రోగుల మేలు కోసం వచ్చిన చట్టమే. అయితే ఇబ్బందికరమైన ప్రశ్న ఎదురైనప్పుడు ఆస్పత్రులకు అక్కరకొచ్చేదీ అదే. అందుకే అనుభవమున్న విలేకరులు ముందుగా రోగి చేత అనుమతి పత్రం మీద సంతకం పెట్టించుకుంటారు. ఆ కాగితం చేతిలో ఉంటే ఆస్పత్రికి ఆ సాకు మిగలదు. అప్పటికీ జవాబు రాకపోతే, రాలేదన్న మాటే ప్రసారంలో చెబుతారు.

ఇలాంటి పరిశోధన ఎంత దూరం వెళ్లగలదో మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ జోసెఫ్ పట్టణం చూపించింది. అక్కడి మొజాయిక్ లైఫ్ కేర్ ఆస్పత్రి లాభాపేక్ష లేని సంస్థగా నమోదై, పన్ను మినహాయింపు పొందుతోంది. అందుకు బదులుగా పేదలకు ఉచితంగానో తగ్గింపు మీదో వైద్యం చేయాలి. ఎన్‌పీఆర్, పరిశోధనాత్మక వార్తా సంస్థ ప్రోపబ్లికా విలేకరులు కోర్టు రికార్డులు తిరగేస్తే వేరే సంగతి బయటపడింది. బిల్లు కట్టలేని వేల మంది మీద దావాలు పడ్డాయి, వారి జీతాల్లోంచి నేరుగా కోతలు పడుతున్నాయి. ఆస్పత్రి సొంత నిబంధనల ప్రకారమే ఉచిత వైద్యానికి అర్హులైన వారు కూడా ఆ జాబితాలో ఉన్నారు. 2014 డిసెంబరులో ఈ కథనం ప్రసారమయ్యాక సెనేటర్ చక్ గ్రాస్లీ ఆస్పత్రిని వివరణ అడిగారు. 2016లో ఆస్పత్రి 3,300 మందికి పైగా రోగుల బాకీలు, దాదాపు 1.7 కోట్ల డాలర్లు, రద్దు చేసింది.

అంకెలు రేడియోలో నిలవవు, చెవిన పడగానే జారిపోతాయి. వాటిని నిలబెట్టేది బిల్లు అందుకున్న మనిషి గొంతే. 2018లో ఎన్‌పీఆర్, ఇప్పుడు కేఎఫ్ఎఫ్ హెల్త్ న్యూస్‌గా పిలిచే సంస్థ కలిసి మొదలుపెట్టిన ‘బిల్ ఆఫ్ ది మంత్’ శీర్షిక బలం ఇదే. జనం తమ బిల్లులు పంపుతారు. విలేకరులు నెలకొకటి ఎంచుకుని, ఏ సేవకు ఎంత వేశారో, బీమా ఎందుకు ఒప్పుకోలేదో వరుస వరుసనా విప్పి చెబుతారు. తొలి కథనమే టెక్సస్‌లో ఒక మూత్ర పరీక్షకు పడిన 17,850 డాలర్ల బిల్లు. రేడియోకెక్కిన తర్వాత బిల్లు తగ్గిన సందర్భాలు తక్కువేమీ కాదు. విలేకరి ఫోన్ చేస్తేగానీ సరికాని లెక్క మొదటే ఎందుకు తప్పిందన్నది వేరే ప్రశ్న.

బిల్లులే కాదు, ఆస్పత్రి పోయాక ఊరి పరిస్థితీ వార్తే. కాన్సస్ రాష్ట్రంలో ఎనిమిది వేల లోపు జనాభా ఉన్న ఫోర్ట్ స్కాట్‌లో మెర్సీ ఆస్పత్రి 2018 చివర మూతపడింది. ఒక విలేకరి ఆ ఊరిని చాలా కాలం అంటిపెట్టుకుని తిరిగి, 2020లో సెయింట్ లూయిస్ పబ్లిక్ రేడియోతో కలిసి ‘నో మెర్సీ’ అనే ధారావాహిక తెచ్చారు. కీమో కోసం దూరపు ఊరికి కారులో పోవాల్సిన రోగులు, ఉద్యోగాలు పోయిన నర్సులు అందులో తమ మాటల్లోనే మాట్లాడతారు.

ఈ పనికి లోపలి చిక్కు ఒకటుంది. రేడియో కేంద్రాలకు విరాళాలిచ్చే స్థానిక సంస్థల్లో ఆస్పత్రులూ ఉంటాయి. తమ దాత మీద వార్త చెప్పాల్సి వస్తే ఆ సంబంధాన్ని శ్రోతలకు చెప్పేయడం వాడుక. పైగా 2025 జులైలో అమెరికా కాంగ్రెస్ ప్రజా ప్రసారాలకు రెండేళ్ల కోసం కేటాయించిన 110 కోట్ల డాలర్లను వెనక్కి తీసుకుంది. ఆ సొమ్ము మీద ఎక్కువగా ఆధారపడింది మారుమూల కేంద్రాలే.

మన దేశంలోనైతే ఊరి రేడియోకు ఇలాంటి వార్తలు చెప్పే అనుమతే లేదు. 2008లో జహీరాబాద్ ప్రాంతంలోని మాచునూరులో దళిత మహిళల చేతుల మీదుగా మొదలైన సంఘం రేడియో సహా, దేశంలోని కమ్యూనిటీ రేడియోలు సొంతంగా వార్తలు ఇవ్వకూడదు. ఆరోగ్య సలహాలు చెప్పవచ్చు, అధికారులిచ్చిన టీకా ప్రకటన చదవవచ్చు. పీహెచ్‌సీకి డాక్టరు ఎందుకు రావడం లేదని వార్తగా ప్రసారం చేయడానికి మాత్రం నిబంధనలు ఒప్పుకోవు.