కాంట్రా ఆట: నాణెముల పెట్టె నుండి ఇంటి టెలివిజనునకు



1990 తరువాతి పదియేండ్లలో వేసవి సెలవులు వచ్చినచో, మన పట్టణములలోను కొంత కలిగిన పల్లెలలోను, టెలివిజను ముందు ఇద్దరు పిల్లలు చేరి, చేతులలో చిన్న మీటల పలకలు పట్టుకొని, కన్నార్పక కూర్చుండుట మీలో పెక్కురు చూచియుందురు. తెరమీద చొక్కాలు లేని యిద్దరు సైనికులు, ఒకడు నీలి లాగుతోను, ఒకడు ఎఱ్ఱ లాగుతోను, అడవిలో పరుగెత్తుచు తుపాకులు కాల్చుచుండిరి. "ఒరే, కళ్లు పోతాయి, ఆపండిరా!" అని మందలించినవారును మీలో నుందురు. ఆ బాలురకిప్పుడు నలువది యేండ్లు. వారాడిన యాటపేరు కాంట్రా. ఆ మందలింపు న్యాయమా యన్న ప్రశ్నకు పోకముందు, ఆ యాట యెట్టిదో, మన యింటికెట్లు వచ్చెనో కొంచెము విన్నవింతును.

కాంట్రా మొదట ఇంటికొరకు పుట్టలేదు. జపాను దేశమున కోనామీ యను సంస్థ 1987లో దీనిని నాణెముల యంత్రముగా చేసెను. ఇట్టి యంత్రములుండు వినోదశాలను ఆర్కేడు అందురు. మనిషియెత్తు చెక్కపెట్టె, అందులో నొక తెర, తెరక్రింద నటునిటు త్రిప్పు పిడి, కాల్చుటకొక మీట, దుముకుట కొక మీట. నాణెము వేసినవాడు ఆడవచ్చును. ఓడినచో మరల నాణెము వేయవలయును. కావున ఆడువాడెంత త్వరగా ఓడిన యజమానికంత లాభము. ఈ లెక్క ఆటలోపలికిని ప్రవేశించినది. ఒక్క గుండు తగిలినచో ప్రాణము పోవును. అంతేకాదు, దారిలో కష్టపడి సంపాదించిన మంచి తుపాకియు ఆ ప్రాణముతోనే పోవును. అయిదు గుండ్లు విసనకఱ్ఱవలె విచ్చుకొని పోవు తుపాకి యొకటి యుండెడిది. అది పోయినప్పుడు పిల్లలు పెట్టిన కేక వీథి చివరవఱకు వినబడెడిది.

కథ చిన్నది. బిల్, లాన్స్ అను ఇద్దరు వీరులు అన్యగ్రహవాసుల సేనను నాశనము చేయుటకు బయలుదేరుదురు. జపానువారి కథలో ఇది 2633వ సంవత్సరమున న్యూజీలాండు సమీపమున గలుగా యను దీవిలో జరుగును. అమెరికాలో అమ్మినప్పుడు పుస్తకములో దానినే వర్తమానకాలమునకు, దక్షిణామెరికా అడవికి మార్చిరి. ఆడు పిల్లలకు ఏ కాలమైనను ఒక్కటే. వారికి కావలసినది పరుగెత్తుచు ఎనిమిది దిక్కులకు గుఱిపెట్టుట, గుండు వచ్చినప్పుడు నేలబారున పరుండుట, నీటిలోనున్నచో మునుగుట.

1988 ఫిబ్రవరిలో ఈ యాటను కోనామీవారే నింటెండో సంస్థవారి ఫ్యామికామ్ అను ఇంటి యంత్రమునకు తెచ్చిరి. ఇక్కడనే అసలు చిక్కు. వినోదశాలలోని పెట్టె ఒక్క యాటకొరకే కట్టిన ఖరీదైన యంత్రము. ఫ్యామికామ్ టెలివిజనుకు తగిలించుకొను చిన్న డబ్బా. ఆట యంతయు క్యాసెట్టు అని మనము పిలిచిన యొక ప్లాస్టిక్ బిళ్లలో నిముడవలయును. అమెరికాలో అమ్మిన కాంట్రా క్యాసెట్టులో పట్టినది 128 కిలోబైట్లు, అనగా సుమారు లక్షా ముప్పదియొక వేల ఇంగ్లీషు అక్షరములు పట్టు చోటు మాత్రమే. నేటి చేతిఫోనుతో దీసిన యొక్క ఛాయాచిత్రమునకు దీనికి అనేక రెట్లు కావలెను. అందులోనే అడవి, మంచుకొండ, జలపాతము, రాక్షసులు, సంగీతము, సమస్తమును.

ఇదెట్లు సాధ్యము? మచిలీపట్టణము కలంకారీ అద్దకమును తలచుకొనుడు. బారెడు దుప్పటి యంతయు లతలు, పూవులు నిండియుండును; కాని అద్దకపువానియొద్ద నున్నవి కొలదిపాటి అచ్చులే. అచ్చులను త్రిప్పి త్రిప్పి అద్దుటచే వస్త్రము నిండును. కాంట్రాలోని అడవియు నట్టిదే. చిన్న చిన్న చదరపు ముక్కలను మరల మరల పేర్చి చెట్లు, రాళ్లు, గట్లు చేసినారు.

కదలు బొమ్మల సంగతి వేఱు. దీనికి తోలుబొమ్మలాట సరిపోవు ఉపమానము. తెరవెనుక బొమ్మలు పట్టుకొను చేతులు కొన్నియే గదా. ఫ్యామికామ్ తెరమీద ఒకేసారి 64 కదలు ముక్కలకంటె నెక్కువ నిలువజాలవు. ఒక అడ్డగీతమీద ఎనిమిదింటికి మించి కనబడవు. ఒక్క సైనికునికే అనేకపు ముక్కలు కావలెను. ఇద్దరు వీరులు, శత్రువులు, గుండ్లు ఒకే వరుసకు వచ్చినచో చేతులు చాలవు. అప్పుడు యంత్రము ఒక క్షణము వీనిని, ఒక క్షణము వానిని చూపును. సెకనుకు అనేక మార్లు ఇట్లు మార్చుటచేత బొమ్మలు మినుకు మినుకుమనును. "టీవీ పాడైపోయింది" అని పెద్దలనుకొనెడివారు. టీవీ పాడుకాలేదు; బొమ్మలాటవానికి చేతులు చాలలేదు.

కోనామీవారి తెలివి నాకు కనబడునది ఈ చిక్కులోనే. పెద్ద యంత్రమును వారు గ్రుడ్డిగా నకలు తీయలేదు. వినోదశాలలోని తెర వాకిలివలె నిలువుగా నుండును. ఇంటి టెలివిజను కిటికీవలె అడ్డముగా నుండును. కావున ఇంటి యాటలో వీరునకు ముందు దారి ఎక్కువ దూరము కనబడును, శత్రువు వచ్చుట ముందుగనే తెలియును. ఆ యడ్డము తెరకు సరిపడునట్లు దారులను తిరిగి గీసి, ఆటను ఎనిమిది ఘట్టములుగా విడదీసిరి. ఇంటిలో నాణెములడుగు యజమాని లేడు. ఒకసారి కొన్న ఆట చాలదినములు ఆడింపవలయును గాని వెంటనే తఱిమివేయరాదు. బొమ్మల సౌందర్యమున వినోదశాల యంత్రమే మిన్న. అయినను ఆటగా ఇంటిదే మేలని తలచువారు అనేకులు. నాకును అట్లే తోచుచున్నది.

ఆ ఇంటి యాటయు అన్ని దేశములలో నొక్కటి కాదు. జపాను క్యాసెట్టులో కోనామీవారు తమ సొంత చిప్పు నొకదానిని అదనముగా అమర్చిరి. దానివలన తాటిమట్టలు గాలికి ఊగును, మంచు ఎదురుగా కొట్టుకొనివచ్చును, ఘట్టమునకు ఘట్టమునకు నడుమ కథ చూపు చిత్రములు వచ్చును. అమెరికా క్యాసెట్టులో ఆ చిప్పు లేదు, తాళ్లు కదలవు. ఎమ్మెస్సెక్స్-2 అను ఇంటి కంప్యూటరుకు చేసినదానిలో దృశ్యము పరుగుతోపాటు జరుగదు. పుస్తకమున పుటలు త్రిప్పినట్లు ఒక తెరపోయి మరియొక తెర వచ్చును. ఐరోపా కంప్యూటరులకు గ్రైజర్ అను పేరుతో వచ్చినవియు కలవు. వానిని గూర్చి విస్తరింపను.

కాని ఐరోపాలో జరిగిన యొక మార్పు మాత్రము మీవంటి పెద్దలకు చెప్పదగినది. జర్మనీలో, బాలురకు హానికరములని తోచిన ఆటల విక్రయమును, ప్రకటనలను కట్టడిచేయు పద్ధతి కఠినముగా నుండెను. మనుష్యులు మనుష్యులను కాల్చు ఆటకు అక్కడ చిక్కు కలుగునని, 1990లో ఐరోపాకు వచ్చిన ఇంటి కాంట్రాలో వీరులను, సైనికులను తీసివైచి మరమనుష్యులను పెట్టిరి. పేరును ప్రోబొటెక్టర్ అని మార్చిరి. దారి అదే, గుండ్ల వేగమదే, దుముకవలసిన క్షణమదే. మారినది వేషము మాత్రమే.

దీనినిబట్టి రెండు విధములుగ వాదింపవచ్చును. వేషము మార్చినను ఆట మారలేదు గనుక పిల్లలు మనుష్యహింసకొరకు గాక, కన్ను, చేయి కలిసి పనిచేయుటలోని ఆనందముకొరకే ఆడుచున్నారనుట యొకటి. అట్లయినచో మొదట మనుష్యులనే యేల పెట్టవలెననుట రెండవది. మొదటి వాదమునందే బలము కలదని నా యభిప్రాయము. కాని రెండవ ప్రశ్నకు కోనామీవారి పనిలో ప్రత్యుత్తరము నాకు దొరకలేదు.

మన దేశమునకు వచ్చిన డబ్బాలలో చాలవఱకు నింటెండోవారివి కావు. తైవాను, చైనా దేశములలో అనుమతి లేకుండ చేసిన ఫ్యామికామ్ నకళ్లు. క్యాసెట్టుమీద 9999 ఆటలని వ్రాసియుండును. లోపల చూచిన పట్టుమని కొన్నియే, వానినే వేఱు వేఱు పేర్లతో మరల మరల లెక్కించియుందురు. కాంట్రాయే పలుమార్లు వచ్చును: ఒకదానిలో విసనకఱ్ఱ తుపాకి మొదటినుండియే చేతిలో నుండును, మరియొకదానిలో ఆట నడిమి ఘట్టమునుండి మొదలగును. ఇది అంగడివాని మోసమే. అయినను అసలు యంత్రము కొనలేని యిండ్లకు ఈ యాట చేరినదియు ఆ త్రోవనే.

ఆ పిల్లలు ఒక రహస్యమును నోటిమాటగా నేర్చుకొనిరి. పైకి, పైకి, క్రిందికి, క్రిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఎ. ఈ వరుసను ఆట మొదట నొక్కినచో మూడు ప్రాణములు ముప్పదియగును. దీనిని కల్పించినవాడు కోనామీలోని కజుహిసా హషిమొటో. 1986లో గ్రేడియస్ అను మరియొక ఆటను ఇంటి యంత్రమునకు మార్చుచు, పరీక్షించునప్పుడు అది తనకే కష్టముగా నున్నదని తన సౌకర్యమునకు ఈ మీటల వరుసను పెట్టుకొనెను. అది ఆటలో నట్లే నిలిచిపోయెను. ఆయన 2020లో మరణించెను.

2019లో కోనామీవారు వినోదశాల కాంట్రాను, అమెరికా ఇంటి కాంట్రాను, జపాను ఇంటి కాంట్రాను ఒకే సంపుటములో చేర్చి విక్రయించిరి. పోల్చిచూడగోరువారికి అది యనుకూలము. వానిని పోల్చునప్పుడు జలపాతఘట్టమును తప్పక చూడవలెను. అక్కడ దారి అడ్డముగా గాక పైకి పోవును. ఇద్దరును గట్టునుండి గట్టునకు ఎగిరి ఎక్కవలయును. ఒకడు తొందరపడి పైకి పోయినచో తెరయు వానితో పైకి జరుగును, క్రింద మిగిలినవాడు తెర అంచున ప్రాణము కోల్పోవును. వానిని చంపినది శత్రువు కాదు, ప్రక్కనున్న చెలికాడే. అందుచేత "ఆగరా, నేను రానీ" అన్న కేకలు ఆ వేసవి మధ్యాహ్నములలో మీ యింటను వినబడియుండవచ్చును. జలపాతముకడ ఎవరు ఎవరికొరకు ఆగిరో మీ కుమారులను అడిగిచూడుడు.

సెలవు.