దేహంలో రాళ్లు – సూక్ష్మజీవుల పాత్ర

మానవ దేహంలోని కాల్షియంలో సుమారు 99 శాతం ఎముకలలోను, దంతాలలోను నిలిచి ఉంటుంది. మిగిలిన ఒక్క శాతం రక్తంలోను, ఇతర కణజాలంలోను ఉండి నరాల పనికి, గుండె కొట్టుకోవడానికి తోడ్పడుతుంది. ఈ సున్నం ఉండరాని చోట పేరుకొని గట్టిపడడాన్నే వైద్యులు కాల్సిఫికేషన్ అంటారు. పాలు ఎక్కువగా తాగడమో, తాంబూలపు సున్నమో దీనికి కారణమని పల్లెలలో చెప్పుకోవడం కద్దు. కాని కొన్ని సందర్భాలలో అసలు కారకులు కంటికి కనిపించని బాక్టీరియా.

పంటి గార

దంతాలపై పేరుకొనే మెత్తని పాచి కేవలం ఆహారపు మడ్డి కాదు. అది బాక్టీరియా కట్టుకొన్న నివాసం. 1683లో హాలెండు దేశస్థుడైన లీవెన్‌హుక్ తన పంటి పాచిని సూక్ష్మదర్శిని కింద పరిశీలించి, అందులో కదలాడే జీవులను గూర్చి లండన్‌లోని రాయల్ సొసైటీకి లేఖ రాశాడు. లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేటు ఈ పాచిలోకి దిగి, చనిపోయిన బాక్టీరియాను ఆధారం చేసుకొని స్ఫటికాలుగా గట్టిపడతాయి. అదే గార. లాలాజల నాళాలు నాలుక కింద తెరచుకొంటాయి గనుక కింది ముందరి పళ్ల లోపలి వైపున గార అధికంగా పడుతుంది. తాంబూలం ఎరుగని వారికి సైతం గార పట్టడం ఇందువల్లనే.

పాచిని ప్రతిదినం బ్రష్షుతో తొలగించవచ్చును. గారను దంతవైద్యుడే తీయాలి. గార తీయిస్తే పళ్లు కదులుతాయన్న భయం నిరాధారం. గారను అంటిపెట్టుకొన్న బాక్టీరియాయే చిగుళ్లను, వాటి కింది ఎముకను క్షీణింపజేసి పళ్లను వదులు చేస్తుంది. గార తొలగినప్పుడు అప్పటికే జరిగిన నష్టం బయటపడుతుంది, అంతే.

మూత్రపిండంలో రాయి

మూత్రపిండాలలో ఏర్పడే రాళ్లలో ఎక్కువ భాగం కాల్షియం ఆక్సలేటు రాళ్లు. నీరు తక్కువగా తాగడం, ఉప్పు అధికంగా తినడం, వంశలక్షణం మొదలైనవి వాటికి కారణాలు. పాలు మానినంత మాత్రాన అవి ఆగవు. పైగా ఆహారంలో కాల్షియం తగ్గితే ప్రేగులు ఆక్సలేటును అధికంగా గ్రహించి, రాళ్ల ముప్పు పెరుగుతుంది.

వీటికి భిన్నమైనది బాక్టీరియా కట్టే రాయి. ప్రోటియస్ వంటి కొన్ని జాతుల బాక్టీరియా యూరియేస్ అనే ఎంజైమును తయారు చేస్తుంది. అది మూత్రంలోని యూరియాను విడగొట్టి అమ్మోనియాను పుట్టిస్తుంది. పశువుల కొట్టంలో మూత్రం నిలిచిన చోట ముక్కు మండించే ఘాటు కూడా ఈ చర్య ఫలితమే. అమ్మోనియా వల్ల మూత్రం క్షారగుణం పొందుతుంది. అప్పుడు మెగ్నీషియం, అమ్మోనియం, ఫాస్ఫేటు కలిసి స్ట్రువైట్ అనే రాయి ఏర్పడుతుంది. కాల్షియం ఫాస్ఫేటు కూడా దానితో చేరుతుంది. ఈ యూరియేస్‌ను 1926లో స్ఫటికరూపంలో వేరుచేసిన అమెరికా శాస్త్రవేత్త జేమ్స్ సమ్నర్‌కు 1946లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ రాయి కొద్ది వారాలలోనే పెరిగి, మూత్రపిండం లోపల జింకకొమ్ము వలె శాఖలుగా వ్యాపించగలదు. స్త్రీలలోను, చాలాకాలం మూత్రపు గొట్టం అమర్చుకొన్న వారిలోను ఇది ఎక్కువ. బాక్టీరియా రాయి లోపలే దాగి ఉండడం చేత మందు అక్కడికి చేరదు. అందువల్ల మాత్రలు వాడినన్నాళ్లు జ్వరం తగ్గి, మానగానే తిరగబెడుతుంది. చిన్న ముక్క మిగిలినా దానిపై మరల రాయి కడుతుంది కనుక పూర్తిగా తొలగించవలసి ఉంటుంది. రాయి ఉన్న వారికి చలితో కూడిన జ్వరం వస్తే మరునాటి వరకు ఆగరాదు. సూక్ష్మజీవులు రక్తంలోకి ప్రవేశిస్తే ప్రాణాపాయం.

క్షయ మచ్చ

క్షయలో ఈ పాత్ర తారుమారవుతుంది. అక్కడ బాక్టీరియాను దేహమే చుట్టుముట్టి బంధిస్తుంది. నశించిన ఆ భాగంలో కాలక్రమాన కాల్షియం చేరుతుంది. ఎక్స్‌రేలో కనిపించే తెల్లని చుక్క పెక్కుసార్లు మానిన పాత గాయపు గుర్తు. అయితే దానిలో సజీవ క్రిములు నిద్రాణంగా ఉండే అవకాశం లేకపోలేదు. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే కఫపరీక్ష చేయించుకోవాలి.

ఒక వాదం, దాని ముగింపు

రాళ్లన్నిటికీ అతిసూక్ష్మమైన ‘నానోబాక్టీరియా’యే మూలమన్న భావనకు 1998లో ఫిన్లాండు శాస్త్రజ్ఞులు కజండర్, చిఫ్చియోగ్లు ప్రకటించిన పరిశోధన ఊపునిచ్చింది. అది ఎంతో సంచలనం కలిగించింది. 2000లో అమెరికాలోను, 2008లో తైవాన్, ఫ్రాన్సులలోను జరిగిన పరిశోధనలు ఆ రేణువులు జీవులు కావనీ, ఖనిజాలు, ప్రోటీన్ల వంటి పదార్థాలతో ఏర్పడిన నిర్జీవ కణాలనీ తేల్చాయి.

కావున ప్రతి రాయికీ బాక్టీరియా కారణం కాదు. ప్రతి రాయికీ ఒకే చికిత్స లేదు. రాష్ట్ర సరిహద్దుకు ఈవల ఒక ఆసుపత్రి, ఆవల ఒక ఆసుపత్రి తిరిగే కుటుంబాలు మూత్రపు కల్చర్ నివేదికను, తీసిన రాయి పరీక్షా ఫలితాన్ని భద్రపరచి వెంట తీసుకువెళ్లడం మేలు. వైద్యుని భాష ఏదైనా, రాయి ఏ జాతిదో ఆ కాగితం చెబుతుంది.