సూత్రానికి లొంగని క్రియలు

మెక్సికో దేశంలో మూడు, నాలుగేళ్ళ పిల్లవాడు 'నేను తిరిగాను' అనబోయి ఒక్కొక్కసారి 'అందే' అంటాడు. పెద్దలు నవ్వి, "అందూబె అనాలి" అని సరిదిద్దుతారు. వాడికి 'అందే' అని ఎవరూ నేర్పలేదే! మరి ఆ మాట ఎక్కడ నుంచి వచ్చింది?

ఆ దేశంలో ఎక్కువమంది మాట్లాడేది స్పానిష్ భాష. అందులో 'ఆబ్లార్' అంటే మాట్లాడటం. 'ఆబ్లే' అంటే మాట్లాడాను. 'కంతార్' అంటే పాడటం. 'కంతే' అంటే పాడాను. చివరి 'ఆర్' తీసివేసి, 'ఏ' చేర్చి ఒత్తి పలికితే భూతకాలం వస్తుంది. ఈ సూత్రాన్ని పిల్లవాడు తనంతట తానే గ్రహించి, 'అందార్' (తిరగడం) అనే క్రియకు కూడా వర్తింపజేశాడు. అంటే వాడి తప్పులో కూడా తర్కం ఉన్నదన్నమాట!

మరి కొన్ని క్రియలు సూత్రానికి ఎందుకు లొంగవు? స్పానిష్ భాష లాటిన్ నుండి పుట్టింది. లాటిన్‌లో 'చేశాను' అనడానికి 'ఫేకీ' అనేవారు. అదే అరిగి అరిగి స్పానిష్‌లో 'ఈసె' అయింది. ఇటువంటి మాటలు నిత్యం అందరి నోళ్ళలో నలుగుతాయి. ప్రతి తరం పిల్లలూ వాటిని పదేపదే వింటారు గనుక పాత రూపం చెరిగిపోదు. తక్కువగా వినబడే క్రియల పాత రూపాలు మాత్రం మరుపున పడి, క్రమంగా సూత్రానికి లొంగిపోతాయి. 'అందూబె' అనవలసిన చోట పెద్దలు కూడా అప్పుడప్పుడు తడబడటానికి కారణం ఇదే.

లొంగని ఈ క్రియలలో కూడా కుటుంబాలు ఉన్నాయి. చూడండి:

'ఊ' కుటుంబం: తెనేర్ (కలిగి ఉండటం) – తూబె, ఎస్తార్ (ఉండటం) – ఎస్తూబె, పొనేర్ (పెట్టడం) – పూసె.

'ఈ' కుటుంబం: అసేర్ (చేయడం) – ఈసె, బెనీర్ (రావడం) – బీనె, కెరేర్ (కోరడం) – కీసె.

అన్నిటికీ చివర తేలికగా పలికే 'ఎ' ఉంది. ఒత్తు దానికి ముందున్న అచ్చు మీద పడుతుంది. కనుక స్పానిష్ నేర్చుకునేవారు వీటిని విడివిడిగా బట్టీ పట్టడం కంటే, కుటుంబాలుగా పెట్టుకుని చిన్న చిన్న వాక్యాలలో వాడటం మేలు.

మన తెలుగులో మాత్రం ఇటువంటివి లేవా? 'నవ్వాడు – నవ్వలేదు' అంటాం. మరి 'వచ్చాడు' అన్నదానికి 'వచ్చలేదు' అంటామా? 'రాలేదు' అంటాం! ఇది మీరు ఎప్పుడు బట్టీ పట్టారు? వినీ, అనీ నేర్చుకున్నారు. పరాయి భాషలో తప్పు దొర్లినప్పుడు సిగ్గుపడకండి. మీ మెదడు సూత్రాన్ని పట్టుకున్నదనడానికి అది గుర్తు. ఇక మిగిలింది, సూత్రానికి లొంగని ఆ కొద్ది మాటలతో చెలిమి చేయడమే.