కుక్కకి స్పెషలిస్టు కావాలన్నారా? ఆస్ట్రేలియాలో ఎవరి దగ్గరికి వెళ్లాలి, ఏమేం అడగాలి

ఇక్కడ మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య తరచుగా కనిపిస్తున్న ప్రశ్న ఇది: "మా కుక్కని స్పెషలిస్టుకి చూపించమన్నారు, ఎవరైనా మంచి చోటు చెప్పండి." పది నిమిషాల్లో నాలుగు ఆసుపత్రుల పేర్లు వస్తాయి. ఒకరు బాగుందంటారు, ఇంకొకరు డబ్బు గుంజుతారంటారు. అసలు ఆ కుక్కకి ఏమైందని మాత్రం ఎవరూ అడగరు. పిల్లికి కంటి జబ్బు వస్తే ఎముకల సర్జన్ ఎంత గొప్పవాడైనా ఏం లాభం?

ముందుగా ఆ మాట సంగతి. ఆస్ట్రేలియాలో వెట్ తన బోర్డు మీద ఇష్టం వచ్చినట్టు "స్పెషలిస్టు" అని రాసుకోవడానికి వీల్లేదు. వెట్‌లని రాష్ట్రాల బోర్డులు రిజిస్టర్ చేస్తాయి. న్యూ సౌత్ వేల్స్‌లో అయితే 2003 నాటి వెటర్నరీ ప్రాక్టీస్ చట్టం, విక్టోరియాలో 1997 నాటి చట్టం. మామూలు వెట్‌గా రిజిస్టర్ కావడం ఒకటి, ఫలానా విభాగంలో స్పెషలిస్టుగా రిజిస్టర్ కావడం వేరొకటి. ఆ రెండోది లేకుండా స్పెషలిస్టునని చెప్పుకుంటే అది చట్టాన్ని మీరడమే. ఈ రిజిస్టర్లు బోర్డుల వెబ్‌సైట్లలో అందరికీ అందుబాటులో ఉంటాయి. డాక్టరు పేరు కొట్టి చూడటానికి రెండు నిమిషాలు చాలు. గూగుల్ నక్షత్రాలు లెక్కపెట్టడం కన్నా ఈ రెండు నిమిషాల పని ఎక్కువ ఉపయోగం.

పేరు వెనకాల ఉండే అక్షరాల్లోనూ తేడా ఉంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాల పశువైద్య శాస్త్రవేత్తల కాలేజీ ఒకటుంది, 1971లో మొదలైంది. మన ఊరి కాలేజీలాగా తరగతులు చెప్పే చోటు కాదు, పరీక్షలు పెట్టి అర్హతలిచ్చే సంస్థ. ఆ అక్షరాలు "ఎం"తో మొదలైతే మెంబర్ అని అర్థం. కొన్నేళ్లు ప్రాక్టీసు చేశాక ఒక విషయంలో లోతుగా చదివి పరీక్ష పాసైనవారు. "ఎఫ్"తో మొదలైతే ఫెలో. వీళ్లు స్పెషలిస్టుల పర్యవేక్షణలో ఏళ్ల తరబడి శిక్షణ పొంది, ఇంకా కఠినమైన పరీక్షలు దాటినవాళ్లు. అమెరికా, యూరప్ కాలేజీల నుంచి వచ్చిన వారికి "డిప్లొమేట్" అని ఉంటుంది, అదీ ఆ స్థాయిదే. మెంబర్ అంటే తక్కువవారని కాదు, చాలా పనులకి వాళ్లు చక్కగా సరిపోతారు. కానీ మెంబర్‌షిప్ ఒక్కటే ఉంటే స్పెషలిస్టు కారు. "సర్జరీలో ప్రత్యేక ఆసక్తి ఉంది" అని రాసుంటే అది ఆసక్తి మాత్రమే. "రెఫరల్ హాస్పిటల్" అన్న బోర్డు కూడా అంతే, లోపల మీ కేసు చూసేది ఎవరో విడిగా అడగాల్సిందే.

మన దగ్గర గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాలకో, హైదరాబాద్ నారాయణగూడ పశువుల ఆసుపత్రికో తీసుకెళ్తే అన్ని విభాగాలూ ఒకచోట దొరుకుతాయన్న ధీమా ఉంటుంది, ఖర్చు గురించి కూడా అంత బెంగ ఉండదు. ఇక్కడ దానికి కాస్త దగ్గరగా ఉండేవి విశ్వవిద్యాలయాల ఆసుపత్రులు. సిడ్నీ వాళ్లకి క్యాంపర్‌డౌన్‌లో సిడ్నీ విశ్వవిద్యాలయం వారిది, క్వీన్స్‌లాండ్‌లో గాటన్, పెర్త్‌లో మర్డోక్, అడిలైడ్ వైపు రోజ్‌వర్తీ. బోధనా ఆసుపత్రి కదా అని చవకగా ఉంటుందనుకోకండి. ప్రైవేటు రంగంలో సిడ్నీలో నార్త్ రైడ్, హోమ్‌బుష్ లాంటి చోట్ల పెద్ద స్పెషలిస్టు ఆసుపత్రులున్నాయి. జంతువులకి మెడికేర్ లేదు. మెల్‌బోర్న్‌లో లార్ట్ స్మిత్ లాంటి స్వచ్ఛంద ఆసుపత్రి ఉంది, 1936 నుంచి నడుస్తోంది. డబ్బుకి నిజంగా ఇబ్బంది ఉన్నవాళ్లు అలాంటి చోట అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

ఏ ఆసుపత్రి అన్నది జబ్బుని బట్టి ఎలా తేలుతుందో మా లడ్డూ సంగతి చెబితే సులువుగా అర్థమవుతుంది. లడ్డూ ఆరేళ్ల లాబ్రడార్. వెనక కాలు కుంటడం మొదలుపెడితే మా వెట్ చూసి మోకాలి లిగమెంటు తెగిందన్నారు. కుక్కల్లో ఇది బాగా మామూలు, లాబ్రడార్లలో మరీను. కుక్క మోకాలి కింద ఎముక పైభాగం చదునుగా ఉండదు, వెనక్కి దాదాపు 25 డిగ్రీలు వాలుగా ఉంటుంది. నిలబడి బరువు వేసినప్పుడల్లా పై ఎముక ఆ వాలు మీద జారబోతుంది, దాన్ని పట్టి ఉంచేది ఆ లిగమెంటే. అది తెగితే కుట్టి అతికించడం కుదరదు. అందుకని ఎక్కువగా చేసే ఆపరేషన్‌లో కింది ఎముకని గుండ్రంగా కోసి, కాస్త తిప్పి, వాలుని 5 డిగ్రీల దాకా తగ్గించి, ప్లేటు, స్క్రూలు వేసి బిగిస్తారు. జారే వాలే లేకపోతే పట్టి ఉంచే లిగమెంటు అవసరమూ ఉండదు. వడ్రంగి పనిలా వినిపిస్తుంది గానీ లెక్క చాలా అందమైనది!

దీన్ని స్పెషలిస్టు సర్జన్లు చేస్తారు, అనుభవమున్న మామూలు వెట్‌లూ చేస్తారు. మా వెట్ నిజాయితీగా రెండు దారులూ చెప్పారు. తన క్లినిక్‌లో చేస్తే ఖర్చు తక్కువ. అయితే లడ్డూకి గుండె చప్పుడులో తేడా వినిపిస్తోందని అంతకుముందే రాసి ఉంది. "మత్తు ఇచ్చేది ఎవరు, రాత్రి పక్కన ఎవరుంటారు?" అని మేము అడిగితే, రాత్రి క్లినిక్‌లో మనిషి ఉండరని చెప్పారు. ఇది ఆయన లోపమేమీ కాదు, చాలా చిన్న క్లినిక్‌లలో ఇంతే. తలుపు మూసి ఇళ్లకి వెళ్తారు, పొద్దున వచ్చి చూస్తారు. ఆరోగ్యంగా ఉన్న కుక్కకి అది చాలాసార్లు సరిపోతుంది. గుండె సంగతి తేలని కుక్కకి సరిపోదు. అందుకని మేము స్పెషలిస్టు ఆసుపత్రికి వెళ్లింది నిజానికి కాలి కోసం కాదు. గుండె డాక్టరు ముందు స్కాన్ చేయడానికి, మత్తు చూసుకునే మనిషి విడిగా ఉండటానికి, రాత్రంతా నర్సు ఉండటానికి. గుండె బాగుండి ఉంటే మా వెట్ దగ్గరే చేయించేవాళ్లం.

ఇదే నేను చెప్పదలచుకున్నది. మంచి ఆసుపత్రి ఏది అని కాదు, ఈ జబ్బులో ప్రమాదం ఎక్కడుంది, దాన్ని చూసుకునే మనిషి అక్కడ ఉన్నారా అని అడగాలి. పగ్ జాతి కుక్కకి కంట్లో పుండు పడితే రోజుల్లో చూపు పోవచ్చు, కంటి స్పెషలిస్టు దగ్గరికి వెంటనే వెళ్లాలి. ఏళ్ల తరబడి గోక్కుంటూ ఉన్న కుక్కకి తొందరేమీ లేదు. కానీ నెలకోసారి ఇంజక్షన్, షాంపూ, మళ్లీ ఇంజక్షన్ అంటూ తిరిగే బదులు ఒక్కసారి చర్మం స్పెషలిస్టుకి చూపిస్తే మొత్తం మీద తక్కువ ఖర్చు కావచ్చు. ఫిట్స్ వచ్చే కుక్కకి ఎమ్మారై అంటే మళ్లీ మత్తు, మళ్లీ వేలల్లో ఖర్చు. అక్కడ డాక్టరుని అడగాల్సింది ఒకటే: "ఈ ఫలితం ఏదొచ్చినా మనం ఇచ్చే మందు మారుతుందా?" మారదంటే ఆ పరీక్ష ఎందుకో వాళ్లే చెప్పాలి. మా వారు ఈ ప్రశ్న అడిగితే మొదట నాకు మొహమాటంగా అనిపించింది. డాక్టరు మాత్రం ఏమీ అనుకోలేదు, మంచి ప్రశ్నే అన్నట్టు కూర్చుని వివరంగా చెప్పారు.

అత్యవసరానికి ఈ లెక్కలేవీ వర్తించవు. సిడ్నీ, బ్రిస్బేన్ వైపు తూర్పు తీరమంతా పక్షవాతం తెప్పించే గోమారి ఉంటుంది, వసంతం నుంచి వేసవి దాకా మరీ ఎక్కువ. వెనక కాళ్లు తడబడటం, మొరుగుడు గొంతు మారడం, వాంతి, ఊపిరి కష్టంగా తీయడం కనిపిస్తే ఇక ఆలోచించొద్దు. నోట్లో నీళ్లు కూడా పోయకండి, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తెరిచి ఉన్న వాటిలో దగ్గరిది ఏదైతే దానికే వెళ్లండి, దారిలో ఫోన్ చేసి విరుగుడు సీరం ఉందా అని అడగండి. పాము కాటుకీ ఇంతే. మన ఇళ్లలో ఇంకో ప్రమాదం వంటగది. ఎండుద్రాక్ష, ఉల్లి, వెల్లుల్లి కుక్కలకి విషం. చక్కెరపొంగలిలో కిస్మిస్ ఏరి పెట్టేవాళ్లెవరు? మామిడి టెంక మింగితే పేగులో అడ్డం పడుతుంది, అది సర్జరీ కేసే.

అత్యవసరం కానప్పుడు దారి మీ వెట్ నుంచే మొదలవుతుంది. మనుషులకి జీపీ రెఫరల్ ఉన్నట్టే ఇక్కడా స్పెషలిస్టు ఆసుపత్రులు ఎక్కువగా మీ వెట్ ఉత్తరం అడుగుతాయి. ఆ ఉత్తరంతో పాటు రక్త పరీక్షలు, ఎక్స్‌రేలు అసలు ఫైళ్లుగా పంపమనండి, ఫోనుతో తీసిన ఫొటోలు పనికిరావు. లేకపోతే అవే పరీక్షలకి మళ్లీ డబ్బు కట్టాల్సి రావచ్చు. మీ క్లినిక్, ఆ ఆసుపత్రి ఒకే కంపెనీవా అనీ అడగండి. అలా అయితే తప్పేమీ లేదు, కానీ వేరే చోటు కూడా ఉందా అని అడిగే హక్కు మీకుంది. అపాయింట్‌మెంట్‌కి వారాలు పట్టొచ్చు. వెట్‌ల కొరత ఎంతుందంటే న్యూ సౌత్ వేల్స్ ఎగువ సభ కమిటీ 2023లో దానిమీద విచారణే చేపట్టింది. ఎవరైనా రద్దు చేసుకుంటే పిలవమని పేరు రాయించుకోండి.

ఎస్టిమేట్ రాతలో తీసుకోండి. ఇక్కడ దాన్ని తక్కువ, ఎక్కువ అని రెండు అంకెలుగా ఇస్తారు. మనం కింది అంకె చూసి సంతోషపడతాం, బిల్లు మాత్రం పై అంకె వైపే నడుస్తుందనుకోవడం మేలు. ఇన్ఫెక్షన్ వస్తే మళ్లీ చూసే ఖర్చు అందులో కలిసి ఉందా, ఆపరేషన్ తర్వాత ఎక్స్‌రే ఉందా, చేర్చేటప్పుడే ఎంత కట్టాలి, ఇవి ముందే తేల్చుకోండి. ఇన్సూరెన్స్ ఉంటే పాలసీ కాగితం ఒకసారి నెమ్మదిగా చదవండి. అంతకుముందే ఉన్న జబ్బులకి సాధారణంగా ఇవ్వరు, మోకాలి లిగమెంటుకి చాలా పాలసీల్లో ఆరు నెలల నిరీక్షణ ఉంటుంది. ఇంకో మెలిక ఏమిటంటే, ఒక కాలికి తెగిన కుక్కల్లో చాలావాటికి తర్వాత రెండో కాలికీ తెగుతుంది. మొదటి కాలు పాలసీ కన్నా ముందే చెడితే రెండోదాన్ని కూడా పాత జబ్బుగానే లెక్కకట్టే కంపెనీలున్నాయి.

ఇక మన ఇళ్లలో నోరు విప్పి మాట్లాడని విషయం. ఇక్కడి వెట్‌లు దారులన్నీ చెబుతూ చివర్లో, నొప్పి లేకుండా నిద్రపుచ్చడం కూడా ఒక దారి అని మెల్లగా అంటారు. మనవాళ్లకి గుండె ఆగినంత పనవుతుంది. పాపం తగులుతుందని ఒకరు, కుక్కకి ఇన్ని వేలా అని ఊరి నుంచి ఫోన్‌లో మా అత్తయ్యగారు, చెయ్యకపోతే మాట్లాడనని పిల్లలు. ఈ మాటల మధ్య ఆసుపత్రి వరండాలో నిలబడి నిర్ణయం తీసుకోవడం నరకం. అందుకే అపాయింట్‌మెంట్‌కి ముందు రాత్రే మేము కూర్చుని మాట్లాడుకున్నాం: ఎంతదాకా ఖర్చు పెట్టగలం, అప్పు చేస్తామా, గుండె బాగాలేదంటే ఏం చేస్తాం. పదకొండేళ్ల మా అమ్మాయినీ కూర్చోబెట్టుకున్నాం. పెద్ద వయసు కుక్కకి, క్యాన్సర్ లాంటి వాటికి ఈ రెండింటి మధ్య మూడో దారి కూడా ఉంటుంది. జబ్బు జోలికి పోకుండా, ఉన్నన్నాళ్లు నొప్పి తెలియకుండా చూసుకునే వైద్యం. దాన్ని కొన్నిచోట్ల అడిగితేనే చెబుతారు, కాబట్టి మీరే అడగండి. స్పెషలిస్టు దగ్గర సలహా తీసుకుని, ఆపరేషన్ వద్దనుకుని ఇంటికొచ్చేసినా ఎవరూ తప్పు పట్టరు. సలహా ఫీజు వృథా పోయిందని కూడా నేననుకోను.

ఆపరేషన్ తర్వాత ఎనిమిది వారాలు కుక్క మెట్లెక్కకూడదు, సోఫా ఎక్కకూడదు, గొలుసు లేకుండా బయటికి పోకూడదు. రెండంతస్తుల ఇల్లున్నవాళ్లు, ఇద్దరూ ఉద్యోగాలకి వెళ్లేవాళ్లు దీన్ని తేదీ పెట్టుకునే ముందే ఆలోచించుకోవాలి. మెట్ల దగ్గర గేటు మేము వాడిన వస్తువుల గ్రూపులో చవకగా కొన్నాం. కుట్లు చూడటం, చివరి ఎక్స్‌రే మీ వెట్ దగ్గర చేయించుకోవచ్చా అని సర్జన్‌ని అడగండి. మా వెట్ ఎనిమిదో వారం తీసి ఆ ఫైళ్లని సర్జన్‌కి పంపారు, ఆయన చూసి ఎముక అతుక్కుందని ఫోన్‌లోనే చెప్పారు. నగరం దాటి మరోసారి వెళ్లే పని తప్పింది.