సిడ్నీ పోయిటియర్

సిడ్నీ పోయిటియర్ (ఫిబ్రవరి 20, 1927 - జనవరి 6, 2022) సుప్రసిద్ధ హాలీవుడ్ నటుడు, దర్శకుడు, రచయిత, దౌత్యవేత్త. ఈయన ఇంటిపేరును "ప్వాటియే" అని పలుకుతారు. ఉత్తమ నటుడిగా ఆస్కార్ పురస్కారం పొందిన మొట్టమొదటి నల్లజాతీయుడు ఈయనే. 1963లో విడుదలైన "లిలీస్ ఆఫ్ ది ఫీల్డ్" చిత్రానికి గాను 1964లో ఈ పురస్కారం లభించింది. నల్లజాతి నటులకు నౌకర్ల వేషాలు, నవ్వులాట వేషాలు తప్ప మరేవీ దక్కడం అరుదైన కాలంలో పోయిటియర్ వైద్యుడిగా, ఉపాధ్యాయుడిగా, పోలీసు అధికారిగా ప్రధాన పాత్రలు ధరించాడు. తన వారి గౌరవానికి భంగకరమని తోచిన పాత్రలను డబ్బుకు ఇబ్బంది పడుతున్న రోజుల్లో కూడా నిరాకరించాడు.

బాల్యం

పోయిటియర్ తల్లిదండ్రులు రెజినాల్డ్, ఎవెలిన్. వీరు బహామా దీవులలోని క్యాట్ దీవిలో టమాటా పండించే పేద రైతులు. అప్పట్లో బహామా బ్రిటిష్ వలస రాజ్యంగా ఉండేది. పంటను అమ్ముకోవడానికి దంపతులు అమెరికాలోని మయామీ నగరానికి వెళ్ళినప్పుడు, నెలలు నిండకుండానే సిడ్నీ అక్కడ జన్మించాడు. పుట్టినప్పుడు బరువు మూడు పౌండ్లు కూడా లేదు. బిడ్డ బతకడని భావించిన తండ్రి ఖననం కోసం చిన్న పెట్టెను కూడా సిద్ధం చేశాడు. తల్లి మాత్రం ఆశ వదులుకోలేదు. బిడ్డ కోలుకున్న తరువాత కుటుంబం స్వదేశానికి తిరిగి వెళ్ళింది. మయామీలో పుట్టిన కారణంగా సిడ్నీకి అమెరికా పౌరసత్వం లభించింది. మిగిలిన ఏడుగురు సంతానంలో ఈయనే చివరివాడు.

క్యాట్ దీవిలో విద్యుత్తు, కుళాయి నీరు ఉండేవి కావు. బహామా టమాటాల దిగుమతిని ఫ్లోరిడా రాష్ట్రం నిలిపివేయడంతో కుటుంబానికి జీవనాధారం పోయింది. సిడ్నీకి పదేళ్ళ వయసులో వారు రాజధాని నాసావ్ నగరానికి వలస వెళ్ళారు. మోటారు కారును, సినిమాను ఈయన మొదటిసారి చూసింది అక్కడే. బడికి వెళ్ళింది రెండేళ్ళ లోపే. పదిహేనవ ఏట తండ్రి ఈయనను మయామీలోని అన్నగారి ఇంటికి పంపించాడు.

క్యాట్ దీవి జనాభాలో దాదాపు అందరూ నల్లవారే. అందువల్ల వర్ణవివక్ష అంటే ఏమిటో పోయిటియర్‌కు చిన్నతనంలో అనుభవంలోకి రాలేదు. మయామీలో సామాను అందజేసే పని చేస్తూ ఒక తెల్లవారి ఇంటికి వెళ్ళినప్పుడు, ముందు గుమ్మం వద్దకు రాకూడదనీ పెరటి వైపు వెళ్ళాలనీ ఆ ఇంటి ఇల్లాలు ఆజ్ఞాపించింది. ఎదురుగా మనిషి ఉండగా పెరటికి ఎందుకు వెళ్ళాలో ఆ కుర్రవాడికి అర్థం కాలేదు. తన విలువ ఏమిటో ఆ నగరం తెలుసుకోవడానికి ముందే తాను తెలుసుకుని ఉన్నానని తరువాతి కాలంలో తన రచనలలో వివరించాడు.

న్యూయార్క్‌లో తొలి రోజులు

పదహారేళ్ళ వయసులో పోయిటియర్ న్యూయార్క్ చేరుకున్నాడు. హోటళ్ళలో గిన్నెలు కడుగుతూ, చోటు దొరకని రాత్రుళ్ళు బస్సు స్టేషనులో పడుకునేవాడు. 1943లో వయసు ఎక్కువ చెప్పి సైన్యంలో చేరి, మరుసటి సంవత్సరం బయటకు వచ్చాడు. ఒకనాడు పత్రికలో నటులు కావలెనన్న ప్రకటన చూసి, హార్లెమ్ ప్రాంతంలోని అమెరికన్ నీగ్రో థియేటర్‌కు వెళ్ళాడు. చేతికిచ్చిన సంభాషణలను తడుముకుంటూ చదవడం, మాటలో బహామా యాస బలంగా ఉండడం చూసి వారు ఈయనను బయటకు పంపివేశారు. గిన్నెలు కడిగే పని చూసుకోమన్నారు. తాను చేస్తున్న పని అదేనని వారికి తెలియదు. వారి అంచనా తప్పని నిరూపించాలన్న పట్టుదల అక్కడ మొదలైంది.

యాస మార్చుకోవడానికి పోయిటియర్ ఒక రేడియో కొన్నాడు. వ్యాఖ్యాతల మాటలను విని, వారి వెంటే పలుకుతూ నెలల తరబడి సాధన చేశాడు. చదువు నేర్పినవాడు మరొకడు. పోయిటియర్ పనిచేస్తున్న హోటలులో వడ్డన చేసే ఒక వృద్ధ యూదుడు, ప్రతి రాత్రి పని ముగిసిన తరువాత పక్కన కూర్చుని వార్తాపత్రిక చదివించేవాడు. తెలియని పదాల అర్థం, విరామ చిహ్నాల ఉపయోగం వివరించేవాడు. పేరుప్రఖ్యాతులు వచ్చిన తరువాత ఆయనను వెదకి కృతజ్ఞత చెప్పుకోలేకపోయినందుకు పోయిటియర్ చివరి వరకు బాధపడ్డాడు.

కొన్ని నెలల తరువాత మళ్ళీ అదే నాటక సంస్థకు వెళ్ళి, శిక్షణకు బదులుగా భవనాన్ని ఊడ్చి శుభ్రం చేస్తానని ఒప్పించి ప్రవేశం పొందాడు. అక్కడే గాయకుడు, నటుడు హ్యారీ బెలఫాంటేతో పరిచయమైంది. ఒక నాటకం సాధనకు బెలఫాంటే రాలేకపోయిన రోజున పోయిటియర్ ఆ పాత్రను చేసి చూపించాడు. అది చూసిన ఒక దర్శకుడు 1946లో బ్రాడ్వే రంగస్థలంపై "లిసిస్ట్రాటా" నాటకంలో చిన్న వేషం ఇచ్చాడు. మొదటి ప్రదర్శనలో కంగారుపడి సంభాషణలు తారుమారు చేసినా, ప్రేక్షకులు అది హాస్యమనుకుని నవ్వారు. నాటకం త్వరలోనే ఆగిపోయినా పోయిటియర్‌కు ఇతర అవకాశాలు వచ్చాయి.

సినిమా రంగ ప్రవేశం

జోసెఫ్ మాంకీవిజ్ దర్శకత్వంలో వచ్చిన "నో వే అవుట్" (1950) పోయిటియర్ మొదటి ముఖ్య చిత్రం. ఇందులో నల్లవారిని ద్వేషించే ఒక తెల్ల నేరస్థుడికి చికిత్స చేయవలసి వచ్చిన యువ వైద్యుడి పాత్ర ధరించాడు. ఈ చిత్రాన్ని బహామా వలస ప్రభుత్వం నిషేధించగా, అక్కడి పౌరులు సంఘంగా ఏర్పడి నిరసన తెలిపారు. దానితో నిషేధం తొలగించారు. "క్రై, ది బిలవ్డ్ కంట్రీ" చిత్రం కోసం దక్షిణాఫ్రికా వెళ్ళి, అక్కడి జాతి వివక్ష చట్టాలను స్వయంగా చూశాడు.

ఈ చిత్రాల తరువాత కూడా అవకాశాలు తరచుగా రాలేదు. అటువంటి సమయంలో "ది ఫెనిక్స్ సిటీ స్టోరీ" (1955) అనే చిత్రంలో ఒక పాత్ర వచ్చింది. కూతురు హత్యకు గురైనా నేరస్థులకు భయపడి మౌనంగా ఉండిపోయే తండ్రి పాత్ర అది. తన తండ్రి రెజినాల్డ్ అటువంటి పరిస్థితిలో ఊరుకునే మనిషి కాడని తలచి పోయిటియర్ దానిని నిరాకరించాడు. అప్పటికి ఆయన భార్య ప్రసవించే సమయం దగ్గరపడింది. ఆసుపత్రి ఖర్చు కోసం ఇంట్లోని సామాను తాకట్టు పెట్టి 75 డాలర్లు అప్పు తెచ్చుకున్నాడు. ఈ నిరాకరణకు ఆశ్చర్యపడిన మార్టిన్ బామ్ అనే ఏజెంటు తరువాత ఈయన వ్యవహారాలు చూడడానికి ముందుకు వచ్చాడు. వారి అనుబంధం దశాబ్దాల పాటు కొనసాగింది.

"బ్లాక్‌బోర్డ్ జంగిల్" (1955) చిత్రంలో తిరుగుబాటు స్వభావం గల విద్యార్థిగా నటించి గుర్తింపు పొందాడు. "ది డిఫయంట్ వన్స్" (1958) చిత్రంలో ఒకే గొలుసుతో బంధింపబడి పారిపోయిన ఇద్దరు ఖైదీలుగా పోయిటియర్, టోనీ కర్టిస్ నటించారు. ఈ పాత్రకు బెర్లిన్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటుడి పురస్కారం లభించింది. ఆస్కార్ ఉత్తమ నటుడి విభాగంలో ఒక నల్లజాతీయుడి పేరు పరిశీలనకు రావడం కూడా ఇదే మొదటిసారి. 1959లో లొరైన్ హాన్స్‌బెర్రీ రచించిన "ఎ రైజిన్ ఇన్ ది సన్" నాటకంలో ప్రధాన పాత్ర ధరించాడు. బ్రాడ్వేలో ప్రదర్శింపబడిన నల్లజాతి రచయిత్రి నాటకాలలో ఇది మొట్టమొదటిది. 1961లో ఇది చలనచిత్రంగా వచ్చినప్పుడు కూడా ఆ పాత్రను పోయిటియరే పోషించాడు.

ఆస్కార్ పురస్కారం

"లిలీస్ ఆఫ్ ది ఫీల్డ్" తక్కువ ఖర్చుతో, కొద్ది రోజులలో తీసిన చిన్న చిత్రం. అరిజోనా ఎడారిలో ప్రార్థనా మందిరం కట్టుకోవాలని తపించే కొందరు సన్యాసినులకు సహాయపడే హోమర్ స్మిత్ అనే దేశదిమ్మరి పనివాడి కథ ఇది. పోయిటియర్ తక్కువ పారితోషికానికి, లాభాలలో వాటాకు అంగీకరించాడు. 1964 ఏప్రిల్ 13న నటి ఆన్ బాన్‌క్రాఫ్ట్ చేతుల మీదుగా ఉత్తమ నటుడి పురస్కారం అందుకున్నాడు. అంతకుముందు పోటీలో ఆస్కార్ గెలిచిన నల్లజాతి నటి హ్యాటీ మెక్‌డానియెల్ మాత్రమే. "గాన్ విత్ ది విండ్" చిత్రంలో దాసి పాత్రకు 1940లో ఆమెకు సహాయ నటి పురస్కారం వచ్చినప్పుడు, ఆ వేడుకలో ఆమెను వేరే బల్ల వద్ద కూర్చోబెట్టారు.

పౌరహక్కుల ఉద్యమం

1963 ఆగస్టులో వాషింగ్టన్‌లో జరిగిన చరిత్రాత్మక ప్రదర్శనలో పోయిటియర్ పాల్గొన్నాడు. 1964 వేసవిలో మిసిసిపీ రాష్ట్రంలో నల్లవారిని ఓటర్లుగా నమోదు చేయిస్తున్న కార్యకర్తలు డబ్బు లేక ఇబ్బంది పడుతున్నప్పుడు, బెలఫాంటేతో కలిసి 70,000 డాలర్ల నగదును గ్రీన్‌వుడ్ పట్టణానికి స్వయంగా తీసుకువెళ్ళాడు. అదే వేసవిలో ఆ రాష్ట్రంలో ముగ్గురు కార్యకర్తలు హత్యకు గురయ్యారు. ఆ రాత్రి కూ క్లక్స్ క్లాన్ ముఠాకు చెందినవారు వీరి కారును వెంబడించారు.

1967 నాటి మూడు చిత్రాలు

1967లో పోయిటియర్ నటించిన మూడు చిత్రాలు ఘనవిజయం సాధించాయి. "టు సర్, విత్ లవ్" చిత్రంలో లండన్‌లోని పేదల పాఠశాలలో పనిచేసే ఉపాధ్యాయుడిగా నటించాడు. గయానాకు చెందిన ఇ.ఆర్. బ్రెయిత్‌వెయిట్ రచన దీనికి ఆధారం.

నార్మన్ జ్యూయిసన్ దర్శకత్వం వహించిన "ఇన్ ది హీట్ ఆఫ్ ది నైట్" చిత్రంలో వర్జిల్ టిబ్స్ అనే పోలీసు డిటెక్టివ్ పాత్ర ధరించాడు. దక్షిణాది రాష్ట్రాలలో ప్రమాదం ఉన్నందువల్ల అక్కడ చిత్రీకరణకు ఈయన అంగీకరించలేదు. అందుచేత ఎక్కువ భాగం ఇలినాయ్ రాష్ట్రంలోని స్పార్టాలో తీశారు. ఇందులో ఒక సంపన్న తెల్ల భూస్వామి టిబ్స్‌ను చెంపదెబ్బ కొట్టగా, టిబ్స్ క్షణం ఆలస్యం చేయకుండా తిరిగి కొడతాడు. అమెరికా సినిమాలో అంతవరకు ఇటువంటి దృశ్యం దాదాపు ఊహించరానిది. దీనిని ఏ ప్రింటులోనూ తొలగించకూడదని తాను షరతు విధించినట్లు పోయిటియర్ చెప్పాడు.

"గెస్ హూ ఈజ్ కమింగ్ టు డిన్నర్" చిత్రంలో తెల్లజాతి యువతిని వివాహమాడదలచిన వైద్యుడిగా స్పెన్సర్ ట్రేసీ, కాథరిన్ హెప్‌బర్న్‌లతో కలిసి నటించాడు. చిత్రీకరణ ప్రారంభమైన నాటికి జాత్యంతర వివాహాలు అనేక రాష్ట్రాలలో నేరంగా ఉండేవి. అటువంటి చట్టాలు చెల్లవని అమెరికా సుప్రీంకోర్టు 1967 జూన్‌లో తీర్పు చెప్పింది. చిత్రం డిసెంబరులో విడుదలైంది.

మార్టిన్ లూథర్ కింగ్ హత్య కారణంగా 1968 ఆస్కార్ వేడుకను రెండు రోజులు వాయిదా వేశారు. అందులో "ఇన్ ది హీట్ ఆఫ్ ది నైట్" ఉత్తమ చిత్రంగా ఎంపికైంది. సహనటుడు రాడ్ స్టైగర్ ఉత్తమ నటుడయ్యాడు. పోయిటియర్ మూడు పాత్రలలో ఒక్కటి కూడా పరిశీలనకు రాలేదు. అయితే 1968లో థియేటర్ల యజమానులు ఎన్నుకున్న, అత్యధిక వసూళ్ళు తెచ్చే తారల జాబితాలో ఈయనదే మొదటి స్థానం.

విమర్శలు

పేరుతో పాటు విమర్శలు కూడా వచ్చాయి. 1967 సెప్టెంబరులో నాటక రచయిత క్లిఫర్డ్ మేసన్ న్యూయార్క్ టైమ్స్ పత్రికలో వ్రాసిన వ్యాసంలో, పోయిటియర్ మళ్ళీ మళ్ళీ ఒకే విధమైన పాత్ర చేస్తున్నాడనీ, ఆ పాత్రలు తెల్ల ప్రేక్షకుల తృప్తి కోసం కల్పించినవనీ విమర్శించాడు. ఆ పాత్రలు మచ్చలేని సద్గుణవంతులు. వారికి సాధారణ మానవుల కోపతాపాలు గాని, ప్రేమ వ్యవహారాలు గాని అంతగా కనిపించవు. నల్లవారిలో తీవ్రవాద ధోరణి పెరుగుతున్న ఆ రోజుల్లో ఇటువంటి అభిప్రాయం చాలామందికి ఉండేది.

ఈ విమర్శ పోయిటియర్‌ను గాయపరచింది. ప్రధాన పాత్రలు చేస్తున్న నల్లజాతి నటుడు దాదాపు తానొక్కడే కావడం వల్ల, తాను వేసే ప్రతి వేషం ఒక వ్యక్తిని గాక మొత్తం జాతిని సూచించవలసి వస్తున్నదని ఆయన వాదన. తనవంటివారు మరికొందరు ఉంటే దుష్టపాత్రలు కూడా స్వేచ్ఛగా చేయగలిగేవాడినని అభిప్రాయపడ్డాడు.

దర్శకత్వం, తరువాతి జీవితం

1970 దశకంలో పోయిటియర్ దృష్టి దర్శకత్వం వైపు మళ్ళింది. బెలఫాంటేతో కలిసి నటించిన "బక్ అండ్ ది ప్రీచర్" (1972) ఈయన దర్శకత్వం వహించిన మొదటి చిత్రం. ఆ తరువాత "అప్‌టౌన్ సాటర్‌డే నైట్" (1974) వంటి హాస్యచిత్రాలు తీసి అనేకమంది నల్లజాతి నటులకు అవకాశాలు ఇచ్చాడు. "స్టిర్ క్రేజీ" (1980) అమెరికాలో 10 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసింది. పదేళ్ళ విరామం తరువాత 1988లో మళ్ళీ తెరపై కనిపించాడు. టెలివిజన్ చిత్రాలలో న్యాయవాది థర్గుడ్ మార్షల్‌గా (1991), నెల్సన్ మండేలాగా (1997) నటించాడు. 1997 నుండి 2007 వరకు జపానులో బహామా రాయబారిగా పనిచేశాడు.

పోయిటియర్ 1950లో హువానిటా హార్డీని వివాహమాడాడు. 1965లో వారు విడిపోయారు. 1976లో కెనడా నటి జోఆనా షిమ్‌కస్‌ను వివాహం చేసుకున్నాడు. ఈయనకు మొత్తం ఆరుగురు కుమార్తెలు. "దిస్ లైఫ్" (1980), "ది మెజర్ ఆఫ్ ఎ మ్యాన్" (2000) ఈయన ఆత్మకథాత్మక గ్రంథాలు.

2002 మార్చిలో ఆస్కార్ సంస్థ ఈయనకు గౌరవ పురస్కారం అందజేసింది. అదే రాత్రి డెంజెల్ వాషింగ్టన్ ఉత్తమ నటుడయ్యాడు. పోయిటియర్ తరువాత ఆ గౌరవం మరొక నల్లజాతి నటుడికి దక్కడానికి 38 సంవత్సరాలు పట్టింది. 2009లో అధ్యక్షుడు బరాక్ ఒబామా అమెరికా అత్యున్నత పౌర పురస్కారమైన ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్‌ను ఈయనకు ప్రదానం చేశాడు. 2021లో అరిజోనా స్టేట్ విశ్వవిద్యాలయం తన చలనచిత్ర కళాశాలకు పోయిటియర్ పేరు పెట్టింది. 2022 జనవరి 6న లాస్ ఏంజెలెస్ సమీపంలోని బెవర్లీ హిల్స్‌లో 94 ఏళ్ళ వయసులో పోయిటియర్ మరణించాడు.

ముఖ్యమైన చిత్రాలు

నో వే అవుట్ (1950)
బ్లాక్‌బోర్డ్ జంగిల్ (1955)
ది డిఫయంట్ వన్స్ (1958)
ఎ రైజిన్ ఇన్ ది సన్ (1961)
లిలీస్ ఆఫ్ ది ఫీల్డ్ (1963)
ఎ ప్యాచ్ ఆఫ్ బ్లూ (1965)
టు సర్, విత్ లవ్ (1967)
ఇన్ ది హీట్ ఆఫ్ ది నైట్ (1967)
గెస్ హూ ఈజ్ కమింగ్ టు డిన్నర్ (1967)
బక్ అండ్ ది ప్రీచర్ (1972)
స్నీకర్స్ (1992)